మూపురం కొవ్వు ఒంటెకు నీళ్ల నిల్వనా, కాదా?

బొగ్గుగని బిడ్డ (బల్లార్షా):
కచ్ఛ్ నుంచి ఒంటెలు మేపుకుంట తిరిగే రబారీల ఒంటెలు మా చంద్రపూర్ దిక్కు వస్తుంటయ్ గదా, వాటి మీద ఇక్కడ లొల్లి నడుస్తున్నది. మూపురంల ఉన్నది కొవ్వే, నీళ్లు కాదు, అది నాకు ఎరుకే. కానీ 100 గ్రాముల కొవ్వు ఒంట్ల పూర్తిగ మండితే 107 గ్రాముల నీళ్లు పుడతయ్. మరి అది నీళ్ల నిల్వ కాకపోతే ఏంది?

ప్రాణహిత (సిరొంచ):
అన్నా, మీ లెక్కలో జమ ఉంది, ఖర్చు లేదు. ఒక గ్రాము కొవ్వు మండాలంటే సుమారు 2 లీటర్ల ఆక్సిజన్ కావాలి. దానికోసం పీల్చిన పొడి గాలి బయటికి పోతూ ఊపిరితిత్తుల తడిని పట్టుకుపోతుంది. 1950ల్లో సహారా ఒంటెల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త ష్మిట్-నీల్సన్ ఎత్తిచూపింది ఇదే.

బొగ్గుగని బిడ్డ:
కొవ్వున్నా లేకున్నా ఊపిరి ఆగదు గదా, ఆ ఖర్చు కొవ్వు ఖాతాల ఎందుకు రాస్తున్నవ్? పైగా నీళ్లు దొరకని ఒంటె రాత్రిపూట ముక్కులనే గాలిని చల్లార్చి తడి ఆపుకుంటది. అమెరికా ఎడారుల కంగారూ ఎలుక ఎండు గింజలు తిని, చుక్క నీళ్లు తాగకుంట బతుకుతది. దానికి నీళ్లు యాడికెల్లి వస్తున్నయ్?

ప్రాణహిత:
సరే, ఊపిరి పక్కన పెడదాం. 100 కిలోకేలరీల శక్తికి కొవ్వు ఇచ్చే నీళ్లు సుమారు 11 గ్రాములు, పిండిపదార్థం ఇచ్చేవి 13. మీ ఎలుక బతికేది ఆ గింజల మీదే! అదీ పగలంతా బొరియలో దాక్కుని, మనకంటే నాలుగింతలు చిక్కటి మూత్రం పోసి.

పశువుల డాక్టర్ (రాజురా):
మీరిద్దరూ మూపురం దిగరు. అసలు కథ నెత్తురులో ఉంది. బరువులో పాతిక శాతం నీరు పోయినా ఒంటె రక్తంలో ప్లాస్మా, అంటే నెత్తురులోని ద్రవభాగం, ఆ స్థాయిలో తగ్గదు, నష్టమంతా ఎక్కువగా కణజాలం, పొట్ట భరిస్తాయి. మనిషికి ఎండలో 12 శాతం పోతే చాలు, రక్తం చిక్కబడి ఒంటి వేడిని చర్మం దాకా మోయలేదు, ప్రాణం మీదికొస్తుంది. మామూలుగా మూత్రంలో పోయే వ్యర్థం యూరియాను కూడా ఒంటె అంతా పారేయదు. తిరిగి పొట్టకు పంపితే అక్కడి సూక్ష్మజీవులు ప్రొటీన్ చేసుకుంటాయి, దాన్ని బయటికి తోయడానికి మూత్రంగా పోవాల్సిన నీళ్లు మిగులుతాయి.

ఇక తాగడం. 10 నిమిషాల్లో 100 లీటర్లు తాగినా దాని ఎర్రకణాలు పగలవు. కోలగా ఉండే ఆ కణాలు రెండింతలకు పైగా ఉబ్బగలవు. బాగా దాహమేసిన మన లేగదూడకు ఒక్కసారే బకెట్లకొద్దీ నీళ్లు పెడితే కణాలు పగిలి మూత్రం ఎర్రగా వస్తుంది. ఇది నేను ఎండాకాలంలో రైతులకు పదేపదే చెప్పే మాట.

బొగ్గుగని బిడ్డ:
అయితే మూపురం ఎందుకు, డాక్టర్ సాబ్?

పశువుల డాక్టర్:
మేత లేనప్పటి తిండి. కొవ్వు ఒంటినిండా పరుచుకుంటే వేడి బయటికి పోదు, అందుకే ఒక్కచోట.

బొగ్గుగని బిడ్డ:
తిండే అనుకుందాం. మేతే దొరకని నాడు గింజలెక్కడివి, ప్రాణహితా? 13 గ్రాములిచ్చేది లేనప్పుడు 11 ఇచ్చేదే గతి. అది లెక్కల రాయవా?