లీ పెర్రీ డాక్యుమెంటరీ: బేస్ తగ్గకుండా మాటలు వినపడాలంటే ఏం చేయాలి?

నమస్కారమండీ. జమైకా రెగే, డబ్ సంగీత నిర్మాత లీ 'స్క్రాచ్' పెర్రీ మీద తీసిన డాక్యుమెంటరీ బ్రిటన్‌లో ఊరూరా తిరుగుతూ మా 200 సీట్ల హాలుకి వస్తోంది. డీసీపీలో (థియేటర్లకు పంపే డిజిటల్ సినిమా ఫైలు) 5.1 సౌండ్, అంటే ఐదు ఛానెళ్లు, బేస్‌కి విడిగా ఇంకొకటి. హాల్లో ఉన్నవి మాత్రం ఎడమ, కుడి స్పీకర్లు, స్టేజి మీద రెండు 18 అంగుళాల సబ్‌వూఫర్లు, అంతే.

మాటలు ఎక్కువగా సెంటర్ ఛానెల్‌లోనే ఉంటాయి కనుక దాన్ని 3 డెసిబెల్స్ తగ్గించి రెండు పక్కలా కలిపాం. ఎల్ఎఫ్‌ఈ అనే ఆ బేస్ ఛానెల్‌ని సినిమా ప్రాసెసర్ అయితే 10 డెసిబెల్స్ పెంచి వినిపిస్తుంది, మామూలు మిక్సర్ ఆ పని చేయదు. అందుకే చేత్తో పెంచాం. తీరా చూస్తే బేస్ పడ్డప్పుడల్లా చెక్క స్టేజి దడదడలాడి పాట్వా (జమైకా జనం మాట్లాడే భాష) మాటల్ని మింగేస్తోంది. సబ్‌టైటిళ్లు ఉన్నా అది సరిపోదు, ఇది చెవులతో చూడాల్సిన సినిమా.

సబ్‌లను నేల మీదికి దించితే చాలా, లేక మెయిన్ స్పీకర్లకు 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకన్నా కింది శబ్దాన్ని తగ్గించే ఫిల్టర్) కూడా పెట్టాలా? దించాక, సబ్‌ల శబ్దం, మెయిన్ స్పీకర్ల శబ్దం ఒకేసారి చేరేలా పెట్టే డిలే మళ్లీ కొలవాలి కదా, మైకు ఎక్కడ పెడతారు?

ఇంకోటి. పాత రికార్డింగుల్లో బుస వినిపిస్తోందని నాయిస్ గేట్ (శబ్దం ఒక స్థాయి కన్నా తగ్గితే దాన్ని కోసేసేది) పెట్టమంటున్నారు. కింగ్‌స్టన్‌లో 1973లో ఇంటి పెరట్లో పెర్రీ కట్టిన బ్లాక్ ఆర్క్ స్టూడియోలో నాలుగు ట్రాకుల టేపు మీదే పొరలు పొరలుగా కలిపేవారు. కలిపినప్పుడల్లా బుస పెరుగుతుంది. గేట్ పెడితే ఎకో తోకలు తెగిపోతాయి, కాబట్టి వద్దనే అంటాను. కాదనేవాళ్లుంటే కారణం చెప్పండి.

ఫైలుకి తాళం ఉంది. కేడీఎం (ఆ తాళం తీసే డిజిటల్ కీ) మా సినిమా సర్వర్ ఒక్కదానికే, ఇచ్చిన గంటల్లోనే పనిచేస్తుంది. ముందురోజు రిహార్సల్‌కి కూడా కలిపి ఎన్ని గంటలు అడగడం మంచిది?