అమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానంటోంది, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

తణుకు నాన్న:
అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి ఇంటర్ ఎంపీసీ పాసైంది, మార్కులు బానే వచ్చాయి, ఎంసెట్ కూడా రాసింది (ఇప్పుడు పేరు మార్చారులెండి, మా నోటికి ఇదే అలవాటు). భీమవరంలో ఇంజినీరింగ్ సీటు ఖాయం అనుకుని నేను ధీమాగా ఉన్నా. మొన్న రాత్రి భోజనాలప్పుడు చావు కబురు చల్లగా చెప్పింది, ఇంజినీరింగ్ వద్దంట, హోటల్ మేనేజ్‌మెంట్ అంట, దానికి ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ అని ఒక ఎంట్రన్స్ ఉందట, ఫ్రెండ్ అక్క పెళ్ళని చెప్పి విజయవాడ వెళ్ళింది చూడండి, ఆ రోజు రాసొచ్చింది అదే. ర్యాంకు కూడా వచ్చేసింది.

ఇక ఇంట్లో చూస్కోండి. వాళ్ళమ్మేమో తాగిన గ్లాసు సింకులో పడేయనిది ఊళ్ళోవాళ్ళ ఎంగిలి ప్లేట్లు తీస్తుందా అని ఒకటే గోల. మా నాన్నగారు హోటల్ పనికి డిగ్రీ ఏంట్రా, ఎవరు పెట్టార్రా ఆ డిగ్రీ అని నన్ను తిడుతున్నారు, అక్కడికి నేనేదో పెట్టినట్టు.

నా డౌట్లు ఏంటంటే మేం పక్కా శాకాహారులం, అక్కడ మాంసం ముట్టుకోవాలా. రాత్రి డ్యూటీలు ఆడపిల్లకి ఎలా. మూడేళ్ళయ్యాక జీతం ఎంత, అబద్ధం చెప్పకుండా చెప్పండి. ఇంకోటి, హైదరాబాద్ నుంచి ఒక ప్రైవేట్ కాలేజీ వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు, వంద శాతం ప్లేస్‌మెంట్, స్విట్జర్లాండ్‌లో ఇంటర్న్‌షిప్, ఈ వారంలో యాభై వేలు కడితే సీటు బ్లాక్ అవుద్ది అంటున్నారు. నేను కోఆపరేటివ్ బ్యాంకులో పనిచేస్తా, తొందరపెట్టి డబ్బు అడిగేవాడిని చూస్తే నాకు చెయ్యి రాదు.

రిసెప్షన్ రాణి:
బాబాయ్ గారూ, ముందు ఆ యాభై వేలు కట్టకండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నేను వైజాగ్ అమ్మాయిని, ఇదే డిగ్రీ చేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీస్‌లో, అంటే రిసెప్షన్ వైపు, డ్యూటీ మేనేజర్‌ని. మీ తాతగారి ప్రశ్నకి, సారీ మీ నాన్నగారి ప్రశ్నకి, సమాధానం ఉందండి. బొంబాయి దాదర్‌లో ఈ చదువుకి కాలేజీ 1954లోనే వచ్చింది, కె.ఎం.మున్షీ గారి భార్య లీలావతి మున్షీ గారు పూనుకుని పెట్టించింది. స్విట్జర్లాండ్‌లో లోజాన్ హోటల్ స్కూలైతే 1893 నాటిది. నిన్నమొన్న పుట్టిన కోర్సు కాదని చెప్పండి ఆయనకి.

అందరూ ఇదేదో వంట కోర్సు అనుకుంటారు, కాదండీ. నాలుగు డిపార్ట్‌మెంట్లు ఉంటాయి, ఫుడ్ ప్రొడక్షన్ అంటే కిచెన్, ఎఫ్ అండ్ బీ సర్వీస్ అంటే రెస్టారెంట్, బార్, బాంకెట్, ఆ తర్వాత హౌస్‌కీపింగ్, ఫ్రంట్ ఆఫీస్. మొదటి ఏడాది నాలుగూ అందరూ చెయ్యాల్సిందే, పక్క దుప్పటి మూలలు మడతపెట్టడం దగ్గర్నుంచి. ఏది నచ్చుద్దో అప్పటికిగానీ తెలీదు, నేనే చెఫ్ అవుదామని చేరి డెస్క్ మీద సెటిలయ్యా.

మీరు బ్యాంకాయన కాబట్టి మీకు అర్థమయ్యేలా ఒకటి చెప్తా. మా హోటల్లో నైట్ ఆడిట్ అని ఉంటుంది, రాత్రి ఆ రోజు లెక్క మూసేసి, ప్రతి గదికీ అద్దె పోస్ట్ చేసి, రెస్టారెంట్ బిల్లులు, క్యాష్, కార్డు అన్నీ టాలీ చేసి తేదీ మార్చడం. రూపాయి తేడా వచ్చినా తెల్లారేదాకా కూర్చోవాలి. తర్వాత రెవెన్యూ అని ఇంకో లోకం ఉంది. 100 గదుల హోటల్లో ఈరోజు 70 గదులు నిండాయి, సగటు రేటు 6000 అనుకోండి, అంటే ఖాళీవి కూడా కలుపుకుని గదికి వచ్చింది 4200, దీన్నే రెవ్‌పార్ అంటాం. రేటు పెంచితే గదులు ఖాళీ, తగ్గిస్తే హోటలంతా నిండినా డబ్బు రాదు, రోజూ ఇదే లెక్క. ఎంపీసీ పిల్లకి ఇదేం వృథా కాదు. విదేశీ గెస్ట్ దిగితే 24 గంటల్లోపు వాళ్ళ వివరాల ఫారం (ఫారం సీ అనేవాళ్ళం) ఆన్‌లైన్‌లో పంపాలి, మర్చిపోతే పోలీసుల దాకా వెళ్తుంది వ్యవహారం. ప్లేట్లు తీయడం ఒక్కటే కాదని ఆంటీకి చెప్పండి. అయితే ప్లేట్లు తీయడం కూడా ఉంటుంది, అది దాచను.

రాత్రి డ్యూటీ తప్పదు. పెద్ద హోటళ్ళలో ఆడవాళ్ళకి షిఫ్ట్ అయ్యాక కారులో ఇంటి దగ్గర దింపుతారు. చిన్నవాటిలో ఒక్కోచోట ఉండదు, చేరేముందే అడగాలి, మొహమాటపడకూడదు. పండగలు మర్చిపోవాలండీ, సంక్రాంతికి మాకు ఫుల్ హౌస్. మా అమ్మ ఇప్పటికీ దీనికే ఏడుస్తుంది.

పారిపోయినోడు:
నేను రెండేళ్ళు చేసి బయటికొచ్చేసి ఇప్పుడు బీపీఓలో ఉన్నా కాబట్టి నా మాట చేదుగానే ఉంటుంది. డిగ్రీ చేతిలో పెట్టుకుని చేరితే మొదటి జీతం నెలకి పదిహేను నుంచి ఇరవై వేలు, సర్వీస్ చార్జ్, టిప్పులు ఉంటే కాస్త పైన. బ్రేక్ షిఫ్ట్ అని ఉంటుంది, పొద్దున పదికి రా, మూడింటికి పో, మళ్ళీ ఏడింటికి రా, రాత్రి పన్నెండుకి పో. మధ్యలో నాలుగు గంటలు రూముకెళ్ళలేవు, పడుకోలేవు. కూచున్నది తక్కువ. మోకాళ్ళు, నడుము పాతికేళ్ళకే మాట్లాడ్డం మొదలెడతాయి. నా బ్యాచ్‌లో సగం మంది ఫీల్డ్‌లో లేరు, ఒకడు రిటైల్, ఒకడు ఎయిర్‌లైన్స్, ఒకడు బ్యాంకులో క్రెడిట్ కార్డులు అమ్ముతున్నాడు. అలాగని ఈ చదువు వేస్టని అనను, మాట్లాడే తీరు, కోపంగా ఉన్న మనిషిని కూల్ చేసే విద్య అక్కడే వచ్చాయి, ఇప్పుడు తింటున్న అన్నం దానిదే. కానీ ఇన్‌స్టాలో రీల్స్ చూసి చేరదామనుకుంటే మాత్రం వద్దని చెప్పండి.

కామీ నంబర్ త్రీ:
అన్నా నమస్తే, మాది కరీంనగర్ దిక్కు, నేనిప్పుడు షిప్పు మీదున్న, నెట్ దొరికినప్పుడు రాస్తున్న, అర్ధం చేస్కో.

మాంసం సంగతి అడిగినవు కదా. సిలబస్‌ల ఉంటది అన్నా, కోడి కోసుడు, చేప ముల్లు తీసుడు ప్రాక్టికల్స్‌ల వస్తది. అహ్మదాబాద్, భోపాల్, జైపూర్ ఐహెచ్‌ఎంలల (సర్కారు హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలు) వెజిటేరియన్ ఆప్షన్ పెట్టిన్రు, అటు పంపుతానంటే అది ఒక తొవ్వ. మా బ్యాచ్‌ల ఒక బాపనోళ్ళ పిల్లగాడుండె, గ్లవ్స్ ఏస్కుని అన్నీ చేసేటోడు, ఉప్పు కారం మాత్రం మాతోటి చూపిచ్చేటోడు. గట్లనే పాసయిండు. తినాలని ఎవ్వడూ బలవంతం చెయ్యడు. వైన్ గురించి కూడా చదువుతరు, గ్లాసుల పోసుడు నేర్పుతరు, తాగుమని సిలబస్‌ల లేదు.

కిచెన్ల ఏందంటే నిచ్చెన లెక్కన ఉంటది. కామీ (కిచెన్ల అందరికన్నా కింది వంటోడు) త్రీ, టూ, వన్, డెమీ సీడీపీ, సీడీపీ (ఒక సెక్షన్ చూసే షెఫ్), సూ షెఫ్ (పెద్ద షెఫ్ కింద రెండోటోడు), గట్ల పోవాలె. మొదట్ల డిగ్రీ ఉన్నోనికి, లేనోనికి ఒకటే పని, ఉల్లిగడ్డ పొట్టు. డిగ్రీ ఎక్కడ పనిచేస్తదంటే పైకి పోయినంక, కాస్టింగ్, ఇండెంట్ (స్టోర్‌కి సామాన్ల లిస్ట్ రాసుడు), మెనూ ప్లానింగ్ అడిగినప్పుడు. నాతోని చేరిన మంచి చెయ్యి ఉన్న పోరగాళ్ళు ఫుడ్ కాస్ట్ లెక్క రాక సీడీపీ కాడనే ఆగిపోయిన్రు.

షిప్పు జాబ్‌ల గురించి కూడా చెప్తున్న, ఎందుకంటే ఆ కాలేజోళ్ళు ఇది కూడా చెప్తరు చూడు. ఎస్‌టీసీడబ్ల్యూ అని షిప్పు సేఫ్టీ కోర్సు చెయ్యాలె, సీడీసీ అని షిప్పోళ్ళ గుర్తింపు బుక్కు తీస్కోవాలె, కాంట్రాక్ట్ ఆరు నుంచి తొమ్మిది నెలలు, వారంల సెలవు ఉండది, రోజుకి పది, పదకొండు గంటలు. పైసలు మిగుల్తయి, అది నిజం. కని ఏజెంట్ జాబ్ ఇప్పిస్త అని లక్షలు అడిగితే అక్కడ్నే లేచి రావాలె. షిప్పు మీద పనిచేసేటోళ్ళ దగ్గర ఉద్యోగం కోసం పైసలు తీస్కునుడు రూల్స్‌ల లేదు, ఏజెన్సీకి డీజీ షిప్పింగ్ (నౌకల సంగతి చూసే కేంద్ర సర్కారు ఆఫీసు) ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ అనే రిక్రూట్‌మెంట్ లైసెన్స్ ఉండాలె, నంబర్ అడిగి చూడు, సగం మంది ఫోన్ పెట్టేస్తరు.

తణుకు నాన్న:
ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. రాణీ గారి మెసేజ్ మా ఆవిడకి చదివి వినిపించా, నైట్ ఆడిట్ దగ్గర కాస్త మెత్తబడింది, సంక్రాంతి దగ్గర మళ్ళీ మొదటికొచ్చింది. పారిపోయిన తమ్ముడి మాటలు అమ్మాయికి చూపించా, ఇవన్నీ నాకు ముందే తెలుసు నాన్నా అంది. తెలిసే వెళ్తానంటోందా తెలీక అంటోందా అర్థం కావట్లేదు. ఇప్పుడు ఆ ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో ఏం పెట్టాలి? ప్రభుత్వానిదీ ప్రైవేటుదీ తేడా ఎంత?

చాక్‌పీస్:
నేను ఈ సబ్జెక్టే చెప్తానండి, ఎక్కడ అనేది వదిలేయండి.

ఎన్‌సీహెచ్‌ఎంసీటీ (హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకి కేంద్ర ప్రభుత్వ కౌన్సిల్) కింద ఉన్న ఐహెచ్‌ఎంలలో ఇచ్చేది బీఎస్సీ హాస్పిటాలిటీ అండ్ హోటల్ అడ్మినిస్ట్రేషన్, మూడేళ్ళు. ఇదివరకు డిగ్రీ ఇగ్నో ఇచ్చేది, ఇప్పుడు జేఎన్‌యూ ఇస్తోంది. ఫీజు హాస్టల్ కాకుండా మూడేళ్ళకీ కలిపి మూడున్నర లక్షల అటూ ఇటూ అనుకోండి, ఒక్కో ఇన్‌స్టిట్యూట్‌కి తేడా ఉంటుంది. మనవైపు హైదరాబాద్ విద్యానగర్‌లో సెంట్రల్ ఐహెచ్‌ఎం ఉంది, తిరుపతిలో, కాకినాడలో స్టేట్ ఐహెచ్‌ఎంలు ఉన్నాయి. ర్యాంకు బాగుంటే ముంబై, ఢిల్లీ పూసా, బెంగళూరు, చెన్నై, గోవా కూడా పెట్టండి, కౌన్సెలింగ్ ఆన్‌లైనే. మీకు కాకినాడ దగ్గరని మొదటి ఆప్షన్‌గా పెట్టకండి, ఈ చదువుకి చుట్టూ పెద్ద హోటళ్ళున్న ఊరు కావాలి, సెలవుల్లో, వీకెండ్స్‌లో బాంకెట్‌లకి వెళ్ళి పనిచేస్తేనే చెయ్యి తిరుగుతుంది. కిచెన్ ఒక్కటే ఇష్టమైతే దారి వేరు, తిరుపతిలో ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, బేగంపేటలో కలినరీ అకాడమీకి ఉస్మానియా గుర్తింపు ఉంది.

ప్రైవేటువన్నీ చెడ్డవని నేననను. మణిపాల్‌లోది 1986 నుంచి నడుస్తోంది, దానికి పేరుంది, ఫీజూ అలాగే ఉంటుంది. మీకు ఫోన్ చేసేవాళ్ళని అడగాల్సినవి చెప్తా, రాసుకోండి. సర్టిఫికెట్ ఏ యూనివర్సిటీది, డిగ్రీనా డిప్లొమానా? కొన్నిచోట్ల మూడేళ్ళు చదివించి చివర్లో డిప్లొమా చేతిలో పెడతారు. ట్రైనింగ్ కిచెన్‌లో ఒక్కో పిల్లకి ఒక్కో బర్నర్ ఉందా లేక పదిమంది ఒక పొయ్యి చుట్టూ నిలబడి చూస్తారా, వెళ్ళి కళ్ళారా చూడండి. పోయినేడు బ్యాచ్ ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఏ హోటళ్ళలో చేసింది, లిస్ట్ ఇవ్వమనండి. ప్లేస్‌మెంట్ కన్నా నేను దీనికే ఎక్కువ విలువిస్తా, ఎందుకంటే ఐహెచ్‌ఎంలలో 17 వారాలు హోటల్‌కి పంపి నాలుగు డిపార్ట్‌మెంట్లూ తిప్పుతారు, పిల్లలు మనుషులయ్యేది ఆ 17 వారాల్లోనే, ఉద్యోగం కూడా చాలామందికి ఆ పరిచయాలతోనే మొదలవుతుంది. పేరున్న హోటల్ అయితే ఎంత కష్టపెట్టినా లాభమే. స్టైఫండ్ మాత్రం బస్ చార్జీలకి సరిపోతే గొప్ప.

జీతం గురించి ఆ అబ్బాయి చెప్పింది నిజమే, అయితే దానికి పక్కన ఇంకో గేటు ఉంది, మేనేజ్‌మెంట్ ట్రైనీ. ఒబెరాయ్ వాళ్ళది ఓసీఎల్‌డీ అని ఢిల్లీలో రెండేళ్ళ ప్రోగ్రాం, తాజ్, ఐటీసీ వాళ్ళకీ ఇలాంటివి ఉన్నాయి. అందులోంచి వచ్చినవాళ్ళు అసిస్టెంట్ మేనేజర్‌గా మొదలవుతారు, జీతమే వేరు, అయిదారేళ్ళ నడక తప్పుతుంది. సెలెక్షన్ గట్టిగా ఉంటుంది, ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్, గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూల మీద ఇంటర్వ్యూలు. మన పిల్లలు సబ్జెక్టులో ఎవరికీ తీసిపోరు, నోరు తెరవాల్సిన చోట ఆగిపోతారు. మొదటి సెమిస్టర్ నుంచే ఇంగ్లీషు పేపర్ పైకి చదవమనండి.

తణుకు నాన్న:
హాయ్ అండీ, నేను ఆ అమ్మాయినే, నాన్న ఫోన్‌లోంచి రాస్తున్నా, ఆయన పక్కనే ఉన్నారు. రీల్స్ చూసి కాదు అన్నయ్యా, మా మావయ్య వాళ్ళకి రాజమండ్రిలో ఫంక్షన్ హాల్ ఉంది, సెలవులన్నీ నేను అక్కడే బుకింగులు రాస్తా, జనరేటర్ డీజిల్ దగ్గర్నుంచి కేటరింగ్ వాళ్ళతో గొడవల దాకా నేనే చూస్తా. నాకు కిచెన్ మీద అంత ఇంట్రెస్ట్ లేదు, ఫ్రంట్ ఆఫీస్ లేకపోతే రెవెన్యూ. రాణి అక్కా, ట్రైనింగ్‌కి గోవా రిసార్ట్ బెటరా సిటీలో బిజినెస్ హోటల్ బెటరా?

రిసెప్షన్ రాణి:
డీజిల్ లెక్క చూసేదానివా, అయితే నువ్వు ఆల్రెడీ ఈ ఫీల్డ్‌లో ఉన్నట్టే చెల్లీ 😄

రెవెన్యూ అంటున్నావు కాబట్టి సిటీ బిజినెస్ హోటలే పెట్టుకో. రిసార్ట్‌లో గెస్ట్ నాలుగు రోజులుంటాడు, తీరిగ్గా మాట్లాడతాడు, గెస్ట్ రిలేషన్స్ బాగా నేర్చుకోవచ్చు. సిటీలో ఒక్క రాత్రికి వచ్చి పొద్దున్నే ఫ్లైట్‌కి పోతారు, ఏడున్నరకి చెకౌట్ లైన్, బిల్లులో కంపెనీ పేరు, జీఎస్‌టీ నంబర్ తప్పు పడిందని అరుపులు, చేతులు స్పీడవుతాయి. కార్పొరేట్ రేట్లు, గ్రూపులకి గదులు ఆపిపెట్టే గ్రూప్ బ్లాకులు, ఉన్న గదులకన్నా ఎక్కువ బుకింగులు తీసుకునే ఓవర్‌బుకింగ్ అన్నీ అక్కడే చూస్తావు. ఓవర్‌బుక్ అయిన రాత్రి గది లేని గెస్ట్‌ని పక్క హోటల్‌కి పంపేటప్పుడు ఎలా మాట్లాడతావో అదే నీ అసలు పరీక్ష. హౌస్‌కీపింగ్ రొటేషన్ వచ్చినప్పుడు మొహం చిట్లించకు, అక్కడ ఒక్కొక్కరు షిఫ్ట్‌కి 14, 15 గదులు చేస్తారు, గది రెడీ కావడానికి ఎంతసేపు పడుతుందో తెలియని ఫ్రంట్ ఆఫీస్ వాళ్ళని వాళ్ళు లెక్కే చెయ్యరు. బ్లాక్ షూ కొనేటప్పుడు సాయంత్రం పూట వెళ్ళి కొనుక్కో, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది.

తణుకు నాన్న:
మళ్ళీ నేనేనండి, నాన్నని. ప్రైవేట్ వాళ్ళకి ఫోన్ చేసి డిగ్రీనా డిప్లొమానా అని అడిగా, కౌన్సెలర్ మీటింగ్‌లో ఉన్నారు తర్వాత చేస్తాం అన్నారు, రెండ్రోజులైంది, ఇప్పుడు వాళ్ళే ఎత్తట్లేదు. కౌన్సెలింగ్‌లో హైదరాబాద్ ఫస్ట్ పెట్టి తర్వాత చెన్నై, బెంగళూరు, తిరుపతి పెట్టాం. విద్యానగర్ దగ్గర ఆడపిల్లలకి మంచి హాస్టల్, వెజ్ భోజనం దొరికేది, లేట్ నైట్ గేటు తీసేది ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు.