సరీసృపం అంటే అసలు అర్థం ఏంటి?

కపిలతీర్థం వీధి
మా పాప ఏడో తరగతి. మొన్న ఇక్కడి జూపార్కులో బోర్డు చూసి సరీసృపాలు అంటే ఏంటమ్మా అనింది. పాములు, బల్లులు, మొసళ్ళు అని తప్పించుకోబోతే, అది కాదు, క్షీరదం అంటే పాలిచ్చేది కదా, అట్లా దీనికీ చెప్పు అని పట్టుకునింది. 'సరి' ఉంది కాబట్టి సమానంగా ఏదో అనుకున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతకాలం అయ్యవారు
'సరి'కీ దీనికీ సంబంధం లేదమ్మా. సంస్కృతంలో సృప్ అంటే పాకడం, సర్పం వచ్చింది దాన్నుంచే. ఒక పని పదే పదే జరుగుతుందని చెప్పాలంటే ధాతువు మొదలును రెట్టిస్తారు. గమ్ నుంచి జంగమం, చల్ నుంచి చంచలం అట్లా పుట్టినవే. సృప్‌ని రెట్టిస్తే సరీసృపం, పాకుతూనే ఉండేది. 'రీ'కి దీర్ఘం మరిచిపోవద్దని పాపకి చెప్పండి, మా బళ్ళో సగం మందికి మార్కు పోయేది అక్కడే.

నగరి కుర్రోడు
మాది తమిళ మీడియం, ఈ తలనొప్పే లేదు స్వామీ. 'ఊర్వన' అంటారు, పాకేవి అని. బడి ముఖం చూడని మా అవ్వకి కూడా అర్థమవుతుంది. తెలుగులోనూ 'పాకేవి' అని పెట్టుంటే ఏం పోయేది?

ఉడుముపట్టు
జువాలజీ చదివినోడిగా ఒక మాట. ఇంగ్లీషు రెప్టైల్ కూడా లాటిన్‌లో పాకడం అనే మాట నుంచి వచ్చిందే. 1758లో, జీవుల్ని వర్గాలుగా విడదీసిన లిన్నేయస్ పాముల్ని, బల్లుల్ని తీసుకెళ్ళి ఉభయచరాల్లో వేశాడు. పదేళ్ళకి, 1768లో, వియన్నాకి చెందిన లారెంటి రెప్టీలియా అని పేరు పెట్టి కప్పల్ని కూడా అందులోనే కలిపేశాడు! ఇంకో తమాషా, మన సర్పం, లాటిన్ సర్పెన్స్, గ్రీకు హెర్పెటాన్ మూడూ ఒకే మూలం, గ్రీకులో మొదటి 'స' కాస్తా 'హ' అయింది. సరీసృపాల్ని, ఉభయచరాల్ని చదివే హెర్పెటాలజీ, ఒంటి మీద పాకే హెర్పిస్ జబ్బు పేరు అక్కడివే. అక్కిని మనవాళ్ళు సర్పి అని కూడా అంటారు, చూడండి.

కపిలతీర్థం వీధి
అందరికీ థాంక్స్. మరి తాబేలు నడుస్తుంది కదా అంటోంది ఇప్పుడు.

ఉడుముపట్టు
కాళ్ళు పక్కలకి ఉంటాయి, పొట్ట నేలకి దగ్గరగా ఉంటుంది, చూసేవాళ్ళకి పాకినట్టే అనిపిస్తుంది. శేషాచలం బండల మీద బంగారు బల్లిని చూపించండి, ఇంకో పది ప్రశ్నలు వేస్తుంది.

నగరి కుర్రోడు
అయ్యవారూ, పాము కూడా సంస్కృతమేనా?

పాతకాలం అయ్యవారు
కాదబ్బా, అది మన సొంతం. మీకు పాంబు, కన్నడం వాళ్ళకి హావు. పాలని హాలు అనేవాళ్ళు పాముని ఇంకేమంటారు!