యాసంగి వరిలో ఆరుతడి: రైతులతో ఎలా మొదలుపెట్టించాలి?

మిర్యాలగూడ ఆయకట్టు
మా సంఘంలో 30 మంది ఈ యాసంగికి ఆరుతడి పద్ధతి (నీళ్లు ఎప్పుడూ నిలపకుండా, మడి ఆరాక మళ్లీ తడి పెట్టడం) చూద్దామంటున్నారు. 18 మందికి బోర్లు, మిగతావాళ్లకు సాగర్ ఎడమ కాలువ. ఎర్రనేలలున్నాయి, నల్లరేగడీ ఉంది. మడిలో నీటి మట్టం చూసే పైపు ఎక్కడ, ఎంత లోతు పెట్టాలి? మడి ఆరితే పిలకలు రావని చాలామందికి భయం.

మడి గట్టు
ముందు బోర్ల వాళ్లతో మొదలుపెట్టండి. కాలువ కింద వంతు వచ్చినప్పుడే పారించుకోవాలి. పైపులో మట్టం చూసి నీళ్లు పెట్టుకునే వీలు ఆ రైతుకు ఉండదు, మొదటి ఏడాదే విసిగిపోతాడు.

4 అంగుళాల పీవీసీ పైపును 30 సెం.మీ. ముక్కలు చేయండి, 6 మీటర్ల పైపుకు 20 వస్తాయి. కింది 20 సెం.మీ. వరకు చుట్టూ 2 సెం.మీ. ఎడంగా 5 మి.మీ. రంధ్రాలు వేసి, అంతవరకే పాతాలి. 10 సెం.మీ. పైకి కనబడాలి. లోపలి బురద తీసేయండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. బురద ఉంటే లోపలి మట్టం, బయటి మట్టం ఒక్కటి కావు, కొలత అబద్ధం చెబుతుంది. గట్టుకు దగ్గరగా, మడిలో మిట్టా పల్లమూ కాని చోట పెట్టాలి.

నాటిన రెండు వారాల దాకా పలుచగా నీళ్లుంచి, తర్వాత ఆరనివ్వాలి. మట్టం నేలకు 15 సెం.మీ. కిందికి దిగాక మళ్లీ 5 సెం.మీ. పెట్టండి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం మడి ఆరకూడదు. అప్పుడు ఆరితే తాలు పెరుగుతుంది. పిలకలకు మాత్రం భయం లేదు, పైన నీళ్లు లేకపోయినా వేరు దగ్గర తడి ఉంటుంది.

చెలక నేల
పై మాటకు రెండు కలుపుతా. నల్లరేగడిలో మట్టం 15 సెం.మీ. కిందికి దిగేదాకా ఆగొద్దు, 10 సెం.మీ. దగ్గరే నీళ్లు పెట్టాలి. పగుళ్లు పెద్దవైతే పెట్టిన నీళ్లన్నీ వాటిలోకే పోతాయి. చౌడు మడుల్లో ఈ పద్ధతే వద్దు, ఆరినకొద్దీ ఉప్పు పైకొస్తుంది.

ఇక కలుపు. నీళ్లు నిలవకపోతే గడ్డి లేస్తుంది. నాటిన 3-5 రోజుల్లో ఎకరాకు ప్రెటిలాక్లోర్ కలుపు మందు 500 మి.లీ. 20 కిలోల పొడి ఇసుకలో కలిపి, పలుచని నీటిలో చల్లాలి. ఇది తప్పితే ఆ రైతు మళ్లీ నిలువు నీటికే పోతాడు. యూరియా నిలువు నీటిలో వేయొద్దు. ఆరిన మడిలో చల్లి వెంటనే పారించండి, వేరు దగ్గరికి దిగుతుంది.

మిర్యాలగూడ ఆయకట్టు
చాలా ఉపయోగం. ఒకాయన "కరెంటు ఉచితం, నీళ్లు మిగిలితే నాకేం లాభం" అంటున్నాడు. ఏం చెప్పాలి?

మడి గట్టు
నీళ్ల ఆదా అని చెప్పకండి. మార్చి, ఏప్రిల్‌లో బోరు తగ్గినప్పుడు పొట్ట దశకు నీళ్లు మిగిలి ఉంటాయని చెప్పండి, ఆయనకు అది పట్టే మాట. మడి ఆరితే, దుబ్బుల రసం పీల్చే సుడిదోమ ఉధృతి కూడా తగ్గుతుంది. నాటేటప్పుడే 2 మీటర్లకొకటి 20 సెం.మీ. కాలిబాట వదిలితే ఇంకా మేలు. మడి నుంచి వచ్చే మీథేన్ వాయువు తగ్గించినందుకు ఇచ్చే కార్బన్ డబ్బుల సంగతి ఇప్పుడు ఎత్తొద్దు. మీథేన్ తగ్గేది నిజమే, కానీ మట్టాలు రాసిన లెక్క లేకుండా ఎవరూ డబ్బివ్వరు. ఒక పుస్తకం ఇచ్చి తేదీ, మట్టం, మోటారు నడిచిన గంటలు రాయించండి.