ఎర్విన్ బావర్‌ని చంపింది ఆయన సిద్ధాంతమేనా?

ప్రశ్న: సోవియట్ జన్యుశాస్త్రవేత్త వావిలోవ్ గురించి వెతుకుతుంటే ఎర్విన్ బావర్ అనే పేరు తగిలింది. హంగేరీవాడు, సైద్ధాంతిక జీవశాస్త్రవేత్త, 1938లో లెనిన్‌గ్రాడ్‌లో కాల్చేశారట. ఈయన కూడా, స్టాలిన్ అండతో జన్యుశాస్త్రాన్ని అణగదొక్కిన లైసెంకో బాధితుడేనా?

జవాబు 1: కాదండీ, ఇద్దరినీ ఒకే గాటన కట్టొద్దు. వావిలోవ్‌ది జన్యుశాస్త్రం గొడవ, 1940లో పట్టుకెళ్తే 1943లో సరాతోవ్ జైల్లో తిండి లేక పోయాడు. బావర్ కమ్యూనిస్టు. 1919లో బేలా కున్ నడిపిన కమ్యూనిస్టు ప్రభుత్వం కూలాక హంగేరీ వదిలి వియన్నా, జర్మనీ, ప్రాగ్ తిరిగి, 1925లో తనంతట తనే సోవియట్ దేశం చేరుకున్నాడు. ఆయన ‘సైద్ధాంతిక జీవశాస్త్రం’ పుస్తకం 1935లో అక్కడే అచ్చయింది. 1937 ఆగస్టులో అరెస్టు, 1938 జనవరి 11న కాల్చివేత. అప్పుడు విదేశీ కమ్యూనిస్టులందరి మీదా గూఢచారి అనుమానమే, బేలా కున్‌నే వదల్లేదు. కాబట్టి నన్నడిగితే ఆయన ఏం రాశాడన్నది కాదు, ఎక్కడివాడన్నదే కొంప ముంచింది.

జవాబు 2: కుటుంబం సంగతి కూడా చెప్పాలి. అన్న బేలా బాలాజ్ పేరున్న రచయిత, సినిమా సిద్ధాంతకర్త. మొదటి భార్య మార్గిట్ కాఫ్కా హంగేరీలో పెద్ద రచయిత్రి (ఫ్రాంజ్ కాఫ్కాకీ ఈమెకీ సంబంధం లేదు), 1918లో స్పానిష్ ఫ్లూతో పోయింది, మర్నాడే ఆమె కొడుకూ పోయాడు. రెండో భార్య స్టెఫానియా సిలార్డ్ గణితవేత్త. ఆమెనీ కాల్చేశారు. ఇద్దరు కొడుకులు అనాథాశ్రమాల పాలు. ఆమె చేసిన తప్పేంటో ఎవరైనా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు: అమ్మో, ఇంత ఉందా! ఇంతకీ ఆ సిద్ధాంతం ఏమిటి?

జవాబు 1: గడియారానికి కీ ఇస్తే స్ప్రింగు విప్పుకుంటూ పోయి ఆగిపోతుంది, మళ్లీ మనమే తిప్పాలి. ప్రాణి మాత్రం తనలోని శక్తిని ఖర్చుపెట్టి తన స్ప్రింగుని తనే మళ్లీ చుట్టుకుంటుంది, అంటే ఎప్పటికీ సమతాస్థితికి (అన్నీ సర్దుకుని ఇక ఏ మార్పూ జరగని స్థితికి) చేరకుండా నిరంతరం పనిచేస్తూ ఉంటుంది. దీన్నే ఆయన స్థిరమైన అసమతాస్థితి అన్నాడు. భౌతికశాస్త్రవేత్త ష్రోడింగర్ డబ్లిన్‌లో జీవం గురించి ఉపన్యాసాలు ఇచ్చింది 1943లో, అంటే బావర్ పుస్తకం వచ్చిన ఎనిమిదేళ్లకి. ఒకటి చూసి ఇంకొకటి రాశారని కాదు నేననేది, కానీ ష్రోడింగర్ పేరు అందరికీ తెలుసు.

జవాబు 3: బావర్ పేరు తెలియకపోవడంలో వింతేముంది, ‘ప్రజా శత్రువు’ ముద్ర పడ్డవాడి పుస్తకాన్ని సోవియట్ దేశంలో ఎవరు ఉదహరిస్తారు? ఉదహరించినవాడికీ టెన్షనే కదా. ఆ పుస్తకాన్ని 1982లో బుడాపెస్ట్‌లో మళ్లీ అచ్చు వేశారు.