షకీరా 'వాకా వాకా' స్పానిష్ వెర్షన్ పిల్లల చేత పాడించాలి, తెలుగు లిపిలో రాసిస్తే చాలా?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్_కోరస్): బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ ఉగాది కార్యక్రమానికి. 12 మంది పిల్లలు, ఎవరికీ స్పానిష్ రాదు. లైన్ చివరికొచ్చేసరికి తాళం కంటే వెనకబడుతున్నారు. వాయిద్యం ధోలక్ ఒక్కటే.

పల్లవి_పిచ్చి: ఏ వెర్షనో ముందు చూసుకోండి. మూలం కామెరూన్‌లో అధ్యక్షుడి గార్డు దళం వాళ్ల బృందం గోల్డెన్ సౌండ్స్ 1986లో పాడిన 'జంగలేవా'. దాన్నే డొమినికన్ రిపబ్లిక్‌లో లాస్ చికాస్ దెల్ కాన్ 'ఎల్ నెగ్రో నో ప్వెదె' అని మెరెంగే (అక్కడి నాట్య సంగీతం) చేశారు. పేరుకి అర్థమే 'నల్లవాడి వల్ల కాదు'. పిల్లలకి వద్దు. మీకు కావాల్సింది 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌ది, 'ఎస్తో ఎస్ ఆఫ్రికా'. అందులోనూ పల్లవి చాలావరకు స్పానిష్ కాదు, మధ్య ఆఫ్రికా ఫాంగ్ భాష, కామెరూన్ పిజిన్ (ఇంగ్లిష్ కలగలిసిన వాడుక భాష) కలిసినది. విన్నది విన్నట్టు రాసుకోండి.

అచ్చు_హల్లు: ఇంగ్లిష్ అక్షరాల్లో కంటే తెలుగులో రాసుకోవడమే మేలు. టీ, డీ అక్షరాలకి త, ద రాయండి. ట, డ రాస్తే చెడిపోతుంది. హెచ్ పలకదు. జే అంటే గొంతు గీరుకునే హ. వీ అన్నా బ దగ్గరే. ఆర్ రెండుంటే మన బండి ఱ కంటే గట్టిగా నాలుక అదరాలి. ఖ, ఘ, థ, ధ లాంటి ఒత్తి పలికే అక్షరాలు అసలు లేవు.

వెనకబడటానికి కారణం సంధి. పేరే తీసుకోండి: విడగొడితే ఎస్-తొ-ఎస్-ఆ-ఫ్రి-క, ఆరు. పాటలో ఎస్-తొఎ-స-ఫ్రి-క, అయిదే. మన సంధిలో ఒక అచ్చు ఎగిరిపోతుంది. ఇక్కడ రెండూ వినబడాలి, కానీ ఒక్క అక్షరం పట్టే సేపట్లో. అలాంటి చోటల్లా పైన చిన్న విల్లు గీసివ్వండి. స్పానిష్‌లో అచ్చు మీద గీత కనిపిస్తే దీర్ఘం తీయొద్దు, ఊనిక మాత్రమే. రాగం లేకుండా, మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం లేదా యాప్) నిమిషానికి 90 దెబ్బల దగ్గర పెట్టి మాటలు చెప్పించండి. అది కుదిరాకే 127, అసలు పాట వేగం.

రెండు_చేతులు: మెరెంగే వాసన కావాలంటే ధోలక్ ఒక వైపు పుల్లతో, రెండో వైపు అరచేత్తో వాయించండి. మెరెంగేలో వాడే రెండు వైపుల డోలు తంబోరా (మన తంబూరా కాదు) పద్ధతి అదే.

వైట్‌ఫీల్డ్_కోరస్: విల్లు గీతలు పెట్టేశాను. చివర ఒక చరణం తెలుగులో రాసి కలపొచ్చా?

అచ్చు_హల్లు: కాపీరైట్ చట్టం సెక్షన్ 14లో అనువాద హక్కు కూడా హక్కుదారుదే. టికెట్ లేని ఔత్సాహిక ప్రదర్శనకి సెక్షన్ 52లో మినహాయింపు ఉన్నా, అది ఉన్న పాట పాడుకోవడానికే. కరోకే ట్రాక్ వేస్తే రికార్డింగ్ హక్కు మళ్లీ వేరు. ధోలక్‌తో కానిచ్చేయండి.