రెండో ఎఫ్‌టీఏ (చందా లేని ఉచిత ఛానళ్ల) రిసీవర్: ఇంకో చవక బాక్సా, లైనక్స్ బాక్సా, కంప్యూటర్ కార్డా?

మిద్దెమీద_గొడుగు (తెనాలి):
మిద్దె మీద రెండు గొడుగులు, అంటే డిష్‌లు, ఉన్నాయి. 2 అడుగులది 93.5 డిగ్రీల జీశాట్-15 ఉపగ్రహానికి, అంటే మన ఫ్రీడిష్‌కి. 6 అడుగుల సీ-బ్యాండ్‌ది (పెద్ద గొడుగు కావాల్సిన తక్కువ ఫ్రీక్వెన్సీలవి) 83 డిగ్రీల జీశాట్-30కి. రెండూ డైసెక్ స్విచ్‌లో (బాక్స్ అడిగిన గొడుగుని కలిపేది) కలిసి ఒకే కేబుల్‌తో హాల్లోకి దిగుతాయి. ఆ బాక్స్ నాన్నగారిది, సాయంత్రం సప్తగిరి పెట్టారంటే రిమోట్ ఇక మనది కాదు. నాకేమో రాత్రిళ్లు కొత్త ఛానళ్ల కోసం స్కాన్ చేసుకుంటూ కూర్చోవడం పిచ్చి. అందుకని నా గదికి ఇంకో రిసీవర్ కావాలి. పదిహేను వందల్లోపు ఎంపెగ్-4 బాక్స్ ఇంకోటి కొనేయనా, ఎనిగ్మా2 సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఖరీదైన లైనక్స్ బాక్స్‌కి డబ్బులు కూడబెట్టనా, పాత డెస్క్‌టాప్‌లో డిష్ సిగ్నల్ అందుకునే డీవీబీ-ఎస్2 కార్డు పెట్టనా? ఫ్రెండ్ బాక్స్ తెచ్చి, హాల్లో బాక్స్ వెనక సిగ్నల్‌ని ఇంకో బాక్స్‌కి పంపే లూప్ అవుట్‌కి తగిలించి చూశా, సగం ఛానళ్లకి 'నో సిగ్నల్' అంటోంది.

లైనక్స్‌బాబు:
అన్నా, రెండోది కూడా మొదటిదాని లాంటిదే అయితే ఇక కొనడం దేనికి? ఎనిగ్మా2 తీసుకో. ఒకటి చూస్తూ ఇంకోటి రికార్డు చేసుకోవచ్చు, ఇంట్లో ఫోన్‌లోకి స్ట్రీమ్ చేసుకోవచ్చు, ఛానల్ లిస్టు కంప్యూటర్‌లో సర్దుకోవచ్చు. పైగా చవక బాక్సులు చాలావాటికి హెచ్ఈవీసీ (కొత్త రకం వీడియో ఫార్మాట్) రాదు. స్కాన్‌లో ఛానల్ పేరు వస్తుంది, నొక్కితే మాట వినిపిస్తుంది, బొమ్మ మాత్రం ఉండదు.

బందరు_డిష్:
బాబూ, ఆ డబ్బుతో చవక బాక్సులు అరడజను పైనే వస్తాయి. పిడుగు పడి పోర్టు పోయిన రోజు తెలుస్తుంది. నా దగ్గర జీఎక్స్6605ఎస్ చిప్ ఉన్న బాక్స్ ఉంది, బ్లైండ్ స్కాన్ (ఫ్రీక్వెన్సీలు చెప్పకపోయినా ఛానళ్లు వెతకడం) చేస్తుంది, పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేస్తుంది. ఇంకేం కావాలి? మిగిలిన డబ్బుతో సీ-బ్యాండ్‌కి 5జీ ఫిల్టర్ ఉన్న ఎల్ఎన్‌బీ (గొడుగు ముందుండే, సిగ్నల్ పట్టే ముక్క) కొనుక్కోండి. 2022 అక్టోబరులో 5జీ మొదలయ్యాక టవర్లు 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ మధ్య వాడుతున్నాయి, మన సీ-బ్యాండ్ ఆ పక్కనే 3700 దగ్గర మొదలవుతుంది. టవర్ దగ్గర్లో ఉంటే మామూలు ఎల్ఎన్‌బీ ఆ హోరుకే మునిగిపోతుంది, వెనకాల ఎంత ఖరీదైన బాక్స్ ఉన్నా ఒకటే.

టంకం_వాసన:
బాక్స్ గొడవ తర్వాత, ముందు ఆ 'నో సిగ్నల్' సంగతి చూడండి. కేబుల్‌లో 13 వోల్టులు వెళ్తే ఎల్ఎన్‌బీ వర్టికల్ (నిలువు తరంగాల) ఛానళ్లు ఇస్తుంది, 18 వెళ్తే హారిజాంటల్ (అడ్డ తరంగాలవి). ఒక్క అవుట్‌పుట్‌లో రెండూ ఒకేసారి రావు. నాన్నగారి బాక్స్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ వోల్టులు ఇచ్చేది అదే, ఏ గొడుగు కావాలో డైసెక్‌కి చెప్పేదీ అదే. లూప్‌లో కూర్చున్న మీరు ఆయన వడ్డించిందే తినాలి. ఎందుకైనా మంచిది, హాల్లో బాక్స్ కేబుల్ విప్పి ఎల్ఎన్‌బీ పోర్టు దగ్గర మల్టీమీటర్ పెట్టండి. ఆ మధ్య నా దగ్గరకి రిపేరుకొచ్చిన బాక్స్‌లో హారిజాంటల్ పెట్టినా 14 దాటలేదు. పాపం ఆయన ఎల్ఎన్‌బీ రెండుసార్లు మార్చాడట, చూస్తే తప్పు అడాప్టర్‌ది.

మిద్దెమీద_గొడుగు:
చూశానండీ. ఒక ఛానల్‌కి 13.2, ఇంకోదానికి 18.1. ఈలోపు 'బొమ్మ పోయిందేంట్రా' అని నాన్నగారి కేక! ఆయన పడుకున్నాక హాల్లో బాక్స్ స్టాండ్‌బైలో పెట్టి నా గదిలో నొక్కితే అన్నీ వచ్చాయి. మీరన్నదే నిజం.

టంకం_వాసన:
అయితే రెండు గొడుగులకీ ట్విన్ (రెండు అవుట్‌పుట్‌ల) ఎల్ఎన్‌బీలు పెట్టి, రెండో అవుట్‌పుట్‌లకి వేరే డైసెక్ స్విచ్, అక్కణ్నుంచి మీ గదికి ఇంకో ఆర్‌జీ-6 కేబుల్. అది అయ్యాక మీ ఇష్టమొచ్చిన బాక్స్ కొనుక్కోండి.

పాతసిస్టమ్:
స్కానింగే పిచ్చి అంటున్నాడుగా, అతనికి కార్డే సరైంది. క్రేజీస్కాన్ సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ గీత కళ్ల ముందు లేచి పడుతుంటే, కొత్త ఫీడ్ (తాత్కాలికంగా వచ్చే ప్రసారం) ఎక్కడ మొదలైందో బాక్స్ చెప్పకముందే తెలిసిపోతుంది. బాక్స్‌లో బ్లైండ్ స్కాన్ అంటే ఆ శాతం గీత నిండేదాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడమే. కాకపోతే కొనేముందు ఆ కార్డు చిప్‌కి సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఉందో లేదో చూసుకో, నేను చూసుకోలేదు.

లైనక్స్‌బాబు:
కరెంటు బిల్లు ఎవరు కడతారు బ్రో? డెస్క్‌టాప్ రాత్రంతా ఆన్‌లో ఉంచాలా? ఎల్ఎన్‌బీ మాట ఒప్పుకుంటా, బాక్స్ మాట మాత్రం ఒప్పుకోను. ఇప్పుడు చవకది కొన్నా ఆర్నెల్లలో మళ్లీ ఇక్కడికే వచ్చి అడుగుతాడు.

బందరు_డిష్:
అడగనీ, పోయేది పదిహేను వందలేగా.

మిద్దెమీద_గొడుగు:
ఈ నెల ట్విన్ ఎల్ఎన్‌బీలు, స్విచ్, కేబుల్ తెస్తున్నా. బాక్స్ ప్రస్తుతానికి ఫ్రెండ్‌దే, వాడు అడిగేదాకా. కార్డు వైపు మనసు లాగుతోంది కానీ ముందు ఇంకో చిక్కు: గోడకి రెండో కన్నం అంటే అమ్మ ఒప్పుకోవట్లేదు. కిటికీ సందులోంచి పోయే చదును కేబుల్ ముక్కలు దొరుకుతాయట, ఎవరైనా వాడారా?

టంకం_వాసన:
వాడాను. రెక్క వేసి తీసి, వేసి తీసి, నాలుగు నెలలకి లోపలి తీగ తెగింది. అమ్మగారినే ఇంకోసారి అడగండి.